ఎవరి మీద ఫిర్యాదు చేయమంటారు?

వ్యక్తిగత సమాచార రక్షణ అనగానే మన పత్రికల్లో ముందుగా కనిపించేది జరిమానా అంకె. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో పార్లమెంటు ఆమోదం పొందినప్పుడూ, 2025 నవంబరులో దాని నిబంధనలు వెలువడినప్పుడూ చర్చ ఎక్కువగా 250 కోట్ల రూపాయల చుట్టూనే తిరిగింది. తన దగ్గరున్న సమాచారానికి తగిన భద్రత కల్పించని సంస్థకు అంత వరకు జరిమానా విధించే అధికారాన్ని చట్టం డేటా పరిరక్షణ బోర్డు అనే నియంత్రణ సంస్థకు ఇచ్చింది. సమాచారం బయటికి పొక్కిన సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల దాకా వేయవచ్చు. ఈ అంకెలను నేను తక్కువ చేయడం లేదు. అయితే వ్యవహారం జరిమానా దాకా వెళ్లాలంటే, అంతకు ముందు ఎవరో ఒకరు ఫలానా సంస్థ నా సమాచారాన్ని పాడు చేసిందని వేలు పెట్టి చూపించగలగాలి. సమాచారం పోగొట్టుకున్న మనిషికి అది ఎక్కడ పోయిందో దాదాపు ఎప్పుడూ తెలియదు. కాబట్టి ఫిర్యాదు వస్తే తప్ప కదలని నియంత్రణ సంస్థ, ఎంత పెద్ద జరిమానా వేయగలిగినా, మామూలు మనిషిని కాపాడలేదన్నది నా వాదన.

మా మేనల్లుడు మదనపల్లెలో ఇంజనీరింగ్ పూర్తి చేసి ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చాడు. కుందలహళ్లి దగ్గర ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ వసతిలో) చేర్చడానికి నేనూ వెంట వెళ్లాను. యజమాని నెల్లూరు జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు, మర్యాదస్థుడు. బల్ల మీద పొడవాటి రిజిస్టరు, దాని పక్కన ఫోను. ఆధార్ కార్డును బల్ల మీద పెట్టించి, ముందూ వెనకా రెండు ఫొటోలు తీసి, అక్కడికక్కడే ఒక వాట్సాప్ గ్రూపులో వేశాడు. ఆ గ్రూపులో ఎవరెవరుంటారని అడిగితే, సూపర్‌వైజరు, వంట మాస్టరు, తన బావమరిది, పక్క వీధిలోని రెండో పీజీ చూసుకునే కుర్రాడు అని ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. "పోలీసులు అడిగితే చూపించాలి కదా సార్, అందుకే అందరి దగ్గరా ఉంచుతాం" అన్నాడు. అతని మాటలో దురుద్దేశమేమీ లేదు. ఆ ఫొటో ఎన్ని ఫోన్లలో ఉంటుందో, పిల్లవాడు పీజీ ఖాళీ చేశాక దాన్ని ఎవరు తీసేస్తారో అన్న ఆలోచన అతనికి ఎవరూ కలిగించలేదు, అంతే.

ఆ వారంలోనే పిల్లవాడు కొత్త సిమ్ తీసుకున్నాడు, జీతం ఖాతా తెరిచాడు, కంపెనీకి పాన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్, బ్యాంకు పాసు పుస్తకం ఇచ్చాడు, పాత వివరాలు సరిచూసే ఏజెన్సీ పంపిన ఫారం నింపాడు, వైద్య పరీక్షలకు ల్యాబుకు వెళ్లాడు, జిమ్‌లో పేరు రాయించుకున్నాడు, చెప్పుల దుకాణంలో బిల్లు కోసం నంబరు చెప్పాడు. కొన్నాళ్లకే ఫోన్లు మొదలయ్యాయి. ఫోను చేసినవాళ్లు ఆధార్‌లో ఉన్నట్టే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పలుకుతున్నారు, ఏ కంపెనీలో చేరాడో చెబుతున్నారు, క్రెడిట్ కార్డు ఇస్తామంటున్నారు, వ్యక్తిగత రుణం ముందే మంజూరైందంటున్నారు. సిమ్ కొత్తది కాబట్టి సమాచారం పొక్కింది ఈ ఊళ్లోనే, ఈ కొద్ది రోజుల్లోనే అన్నంత వరకు మాకు స్పష్టం. అంతకు మించి ఒక్క అడుగు ముందుకు వేయలేకపోయాం. "ఇంతమందికి ఇచ్చాను మామా, ఇందులో ఎవరని చెప్పేది?" అన్నాడు వాడు. నా దగ్గరా జవాబు లేదు.

పూర్తిగా అమల్లోకి వచ్చాక చట్టం అతనికి చూపే దారి ఏమిటో చూద్దాం. ముందుగా ఆ సమాచారం ఎవరి దగ్గర ఉందో ఆ సంస్థకే మొర పెట్టుకోవాలి. సంస్థ జవాబు ఇవ్వడానికి నిబంధనల ప్రకారం 90 రోజుల దాకా గడువుంది. ఆ మెట్టు దాటిన తరువాతే బోర్డు దగ్గరకు వెళ్లాలి. సంస్థ పేరే తెలియనివాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. పోనీ అనుమానం మీద ఒకరి పేరు రాద్దామా అంటే, తప్పుడు ఫిర్యాదూ నిరాధారమైన ఫిర్యాదూ చేయకపోవడం పౌరుడి విధి అని అదే చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. ఆ విధి తప్పితే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాడు తనకు జీతమిచ్చే కంపెనీ మీదనో, ఆ కంపెనీ పెట్టుకున్న ఏజెన్సీ మీదనో అనుమానంతో ఫిర్యాదు రాస్తాడని ఎవరూ ఆశించలేరు. కాగితాల సంగతి మరీ అన్యాయం. ఈ చట్టం డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికీ, కాగితం మీద తీసుకుని తరువాత డిజిటల్‌గా మార్చినదానికీ మాత్రమే వర్తిస్తుంది. పీజీ యజమాని ఫోనులోని ఫొటో చట్టం పరిధిలోకి వస్తుంది. ఆయన బల్ల మీది రిజిస్టరు, బీరువాలోని జిరాక్సు కాగితాలు రావు.

బోర్డు తనకు తానుగా ఏం చేయగలదన్నది అసలు ప్రశ్న. 27వ సెక్షన్‌ను ఎన్నిసార్లు చదివినా నాకు కనిపించేవి కొన్ని ద్వారాలే. సమాచారం పొక్కిందని సంస్థే స్వయంగా తెలియజేయాలి, లేదా బాధితుడు ఫిర్యాదు చేయాలి, లేదా కేంద్ర ప్రభుత్వమో రాష్ట్ర ప్రభుత్వమో విషయాన్ని నివేదించాలి, లేదా న్యాయస్థానం ఆదేశించాలి. పత్రికలో వార్త చూసి, తన అధికారిని పంపించి, ఫలానా ల్యాబు రోగుల రిపోర్టులను ఎలా దాస్తోందో చూసి రమ్మనే మాట అందులో లేదు. విచారణ ఒకసారి మొదలైతే సాక్షులను పిలిపించడానికీ రికార్డులు పరిశీలించడానికీ బోర్డుకు సివిల్ కోర్టుకున్న అధికారాలు వస్తాయి. మొదలుపెట్టే అధికారమే తన చేతిలో లేదు.

సంస్థే స్వయంగా తెలియజేయాలన్న నియమం మంచిదే. పొక్కిన సంగతి తెలిసిన వెంటనే బాధితులకు ఆలస్యం లేకుండా చెప్పాలి, 72 గంటల్లోగా బోర్డుకు పూర్తి వివరాలు ఇవ్వాలి. బయటి నుంచి ఎవరో సర్వర్లలో చొరబడ్డ సందర్భంలో ఈ నియమం పనిచేస్తుంది. ఆఫీసులో పనిచేసే మనిషి సాయంత్రం పోతూ పోతూ కొత్తగా చేరినవాళ్ల పేర్లూ నంబర్లూ ఉన్న ఎక్సెల్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఏజెంటుకు అమ్మితే ఆ సంస్థకే తెలియదు. తెలియని సంగతిని 72 గంటల్లో ఎవరు ఎవరికి తెలియజేస్తారు? మనకు రోజూ వచ్చే ఫోన్లలో చాలా భాగం ఇటువంటి చిల్లర అమ్మకాల వల్లనే వస్తున్నాయని నా అంచనా. వార్తల్లోకి ఎక్కేంత పెద్ద చొరబాట్లు వేరు, ఇవి వేరు.

తూనికలు కొలతల శాఖను తలుచుకోండి. కిరాణా కొట్టులో కేజీ రాయి నిజంగా కేజీ ఉందో లేదో కొనేవాడికి చూపుతో తెలియదు. అందుకే ఆ శాఖ కొనేవాడు వచ్చి మొర పెట్టుకునే దాకా ఆగదు. ఇన్‌స్పెక్టరు తానే కొట్టుకు వచ్చి రాళ్లు తూచి, ముద్ర ఉందో లేదో చూస్తాడు. మోసం కంటికి కనబడని చోట తనిఖీ భారం ప్రభుత్వం మీద ఉండాలన్న న్యాయాన్ని మనం బజారులో ఎన్నడో ఒప్పుకున్నాం. వ్యక్తిగత సమాచారం విషయంలో మోసం అంతకంటే కనబడనిది. తూకంలో పోయిన వంద గ్రాములు ఇంటికెళ్లి మళ్లీ తూచుకుంటే తేలతాయి. పొక్కిన ఆధార్ నంబరు పోయినట్టు కూడా తెలియదు, ఎందుకంటే అది మన దగ్గర కూడా ఉంటుంది.

ఈ అధికారం మన చట్టంలో మొదటి నుంచీ లేనిది కాదు. డేటా పరిరక్షణ చట్టం రాయడానికి కేంద్రం వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018 జులైలో ఇచ్చిన ముసాయిదాలో, ఇప్పటి బోర్డు స్థానంలో అప్పుడు ప్రతిపాదించిన డేటా పరిరక్షణ ప్రాధికార సంస్థ తనంతట తానుగా గానీ ఫిర్యాదు మీద గానీ విచారణ జరపవచ్చని ఉంది. 2019 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన బిల్లులోనూ ఆ మాట మిగిలింది. ఆ బిల్లును 2022 ఆగస్టులో ఉపసంహరించుకుని, కొత్తగా, క్లుప్తంగా రాసిన చట్టంలో ఆ మాట పోయింది. దానితోపాటు బాధితుడికి నష్టపరిహారం ఇప్పించే ఏర్పాటూ పోయింది. వసూలైన జరిమానా భారత సంచిత నిధికి, అంటే ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది, నష్టపోయినవాడికి అందులో రూపాయి రాదు. అజాగ్రత్తగా వ్యవహరించిన కంపెనీ నుంచి పరిహారం కోరడానికి పాత ఐటీ చట్టంలో ఉన్న 43ఏ సెక్షన్ కూడా కొత్త చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి తొలగిపోతుంది. చట్టం పొట్టిగా, చదవడానికి తేలికగా ఉండాలన్న ఉద్దేశాన్ని నేను గౌరవిస్తాను. అయితే కత్తిరించినది ఎవరికి పనికొచ్చే భాగమో చూసుకోవలసింది.

గోప్యత హక్కుకు బెంగళూరుతో ఉన్న బంధాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పదవీ విరమణ చేసి ఈ నగరంలోనే ఉన్న జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి, ఎనభయ్యేళ్లు దాటిన వయసులో, 2012లో ఆధార్‌ను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షుడిగానూ పనిచేసినవారు కనుక మనవాళ్లకూ పరాయివారు కారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చింది. 2024లో 98 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూసే నాటికి చట్టం వచ్చింది కానీ దాని నిబంధనలు రాలేదు. అంత బలమైన తీర్పు నుంచి పుట్టిన చట్టానికి ఇంత బలహీనమైన కాపలా ఏర్పడడం నన్ను నిజంగా బాధపెడుతోంది.

ఫిర్యాదు కోసం ఆగని నియంత్రణ సంస్థ ఎలా పనిచేస్తుందో చెప్పడానికి జర్మనీలోని హాంబర్గ్ సంగతి చాలు. హాంబర్గ్‌లో నమోదైన ఎచ్ అండ్ ఎం అనే బట్టల కంపెనీకి న్యూరెంబర్గ్‌లో ఒక సర్వీస్ సెంటర్ ఉంది. సెలవు మీద వెళ్లి వచ్చిన ఉద్యోగిని టీమ్ లీడర్ పిలిచి ఆప్యాయంగా మాట్లాడేవారు. సెలవులు ఎలా గడిచాయి, జబ్బు చేసిందన్నావే, డాక్టరు ఏమన్నారు అని అడిగేవారు. ఆ జవాబులు, జబ్బు లక్షణాలతో సహా, కంప్యూటరులో నమోదయ్యేవి. నడవల్లో చెప్పుకున్న ఇంటి గొడవలు, మత విశ్వాసాలు కూడా కొన్ని ఫైళ్లలోకి ఎక్కాయి. యాభైమంది దాకా మేనేజర్లు వాటిని చదవగలిగేవారు. 2019 అక్టోబరులో కంప్యూటర్ అమరికలో జరిగిన పొరపాటు వల్ల కొన్ని గంటలపాటు ఆ ఫైళ్లు కంపెనీలో అందరికీ కనిపించడంతో సంగతి బయటపడింది. హాంబర్గ్ డేటా రక్షణ కమిషనర్‌కు ఆ విషయం పత్రికల ద్వారా తెలిసింది. ఆ డ్రైవులో ఉన్నదంతా ఉన్నచోటే ఉంచాలని మొదట ఆదేశించాడు, తరువాత దాన్ని తనకు అప్పగించమన్నాడు. కంపెనీ 60 గిగాబైట్ల సమాచారం అప్పగించింది. 2020 అక్టోబరులో 3.53 కోట్ల యూరోల జరిమానా పడింది, ఉద్యోగులకు పరిహారం ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. ఇందులో అంకె కంటే మొదటి ఆదేశం ముఖ్యమని నాకు అనిపిస్తుంది. ఫైళ్లను ఎవరూ చెరిపేయకముందే ఉన్నవి ఉన్నట్టు ఆపగలగడంలోనే ఆ కమిషనర్ బలమంతా ఉంది. మన చట్టం చెప్పే వరుసలో అయితే ఉద్యోగి కంపెనీకి మొర పెట్టుకుని 90 రోజులు ఎదురుచూసేవాడు. అన్ని రోజుల్లో చెరిగిపోని ఫైలు ఉంటుందా?

తనిఖీ అంటే దాడులే అనుకోనక్కరలేదు. సింగపూర్‌లో గుర్తింపు కార్డు నంబరును దుకాణాలూ భవనాలూ ఇష్టం వచ్చినట్టు రాసుకునే అలవాటు మన ఆధార్ జిరాక్సులలాగే పాతుకుపోయి ఉండేది. అక్కడి వ్యక్తిగత డేటా రక్షణ కమిషన్ 2018 ఆగస్టులో మార్గదర్శకాలు ఇచ్చి, సర్దుకోవడానికి ఏడాది గడువు పెట్టి, చట్టం కోరిన చోట, లేదా మనిషిని కచ్చితంగా గుర్తించక తప్పని చోట తప్ప ఎవరూ ఆ నంబరు సేకరించరాదని 2019 సెప్టెంబరు 1 నుంచి అమలు చేసింది. గేటు దగ్గర కార్డు చూడవచ్చు, దాన్ని దగ్గర పెట్టుకోకూడదు. మా పీజీ యజమానికి కావలసింది సరిగ్గా ఇటువంటి సూచనే. ఆయన మీద కోట్ల జరిమానా వేయమని నేను అనడం లేదు. చూసి ఇచ్చెయ్యండి, నంబరులో మొదటి ఎనిమిది అంకెలు కప్పిన ఆధార్ తీసుకోండి, ఖాళీ చేసినవాళ్లవి చెరిపెయ్యండి అని అధికారం ఉన్నవాళ్లు ఆయనకు అర్థమయ్యే భాషలో ఒక్క పేజీ రాసి ఇస్తే ఆయన పాటిస్తాడు.

అటువంటి సూచన మన దేశంలో ఒకసారి వచ్చింది, అదీ ఈ బెంగళూరు నుంచే. ఆధార్ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయం 2022 మే 27న, జిరాక్సులు దుర్వినియోగం కావచ్చు కనుక వాటిని ఏ సంస్థకూ ఇవ్వవద్దనీ, అంకెలు కప్పిన ఆధార్ ఇవ్వాలనీ పత్రికా ప్రకటన చేసింది. జనం తప్పుగా అర్థం చేసుకునే అవకాశం ఉందంటూ రెండు రోజులకే కేంద్రం దాన్ని ఉపసంహరించింది. ఆ సలహాలో తప్పేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెప్పిన మాట మీద రెండు రోజులు నిలబడలేని కార్యాలయం ఎవరినీ అదుపు చేయలేదు.

అందుకే స్వతంత్రత ముఖ్యం. బోర్డు అధ్యక్షుణ్ణీ సభ్యులనూ కేంద్ర ప్రభుత్వమే నియమిస్తుంది. పదవీకాలం రెండేళ్లు, మళ్లీ నియమించవచ్చు. యూరప్ చట్టం డేటా రక్షణ అధికారులకు కనీసం నాలుగేళ్ల పదవీకాలం ఉండాలంటుంది. రెండేళ్లలో పని నేర్చుకోవడానికే సగం కాలం పోతుంది, మిగిలిన సగం పునర్నియామకం మీద దృష్టితో గడిచే ప్రమాదం ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరుతో ప్రభుత్వ సంస్థలకు మొత్తంగా మినహాయింపు ఇచ్చే అధికారం కూడా ఆ నియమించే ప్రభుత్వానిదే. శ్రీకృష్ణ కమిటీ ముసాయిదాలో ఎంపిక సంఘానికి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి గానీ ఆయన నియమించిన న్యాయమూర్తి గానీ అధ్యక్షత వహించాలని ఉండేది.

తనిఖీ అధికారం ఇస్తే ఇన్‌స్పెక్టర్ రాజ్యం వస్తుంది, చిన్న వ్యాపారి మామూళ్లు ఇచ్చుకోలేక చస్తాడు అనే అభ్యంతరం నాకు తెలుసు. కొట్టిపారేయదగినది కాదు. నా జవాబు ఏమిటంటే, తనిఖీని పరిమాణం బట్టి, ప్రమాదం బట్టి మొదలుపెట్టవచ్చు. లక్షలమంది వివరాలు పెట్టుకునే ఆసుపత్రి గొలుసులు, రుణ యాప్‌లు, ఉద్యోగుల వివరాలు సరిచూసే ఏజెన్సీలు, అపార్ట్‌మెంట్ గేటు యాప్‌లు ముందు. బాగా పెద్ద సంస్థలు ఏటా ఆడిట్ చేయించుకోవాలని ఇప్పటి చట్టంలోనూ ఉంది కానీ, ఆ ఆడిటర్‌ను నియమించుకునేది ఆ సంస్థే. రిజర్వు బ్యాంకు సంగతి చూడండి. అప్పు యాప్‌లు జనం ఫోన్లలోని కాంటాక్టులన్నీ లాగి, వాయిదా తప్పితే బంధువులకు ఫోన్లు చేసి పరువు తీయడంతో 2020 చివర్లో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాయి. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పు యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్ల జోలికి పోరాదని చెప్పేసింది. ఏ బాధితుడూ ఏ యాప్ పేరూ నిరూపించే దాకా ఆగకుండా, అందరికీ ఒకేసారి వర్తించేలా చెప్పింది. ఆ మాట రెండేళ్లు ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేదని తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

భాష విషయంలో మాత్రం చట్టం మంచి పని చేసింది. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే బెంగళూరులో భవనాలు కట్టడానికి కర్నూలు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు తమ ముఖం ఫొటో తీసే హాజరు యాప్‌ను, ఇది ఎందుకు, ఎన్నాళ్లు దాస్తారు అని తెలుగులో అడగవచ్చు. ఈ హక్కులు అమల్లోకి వచ్చేది 2027 మేలో. నోటీసు నిజంగా తెలుగులో ఉందో లేదో చూడడానికి ఎవరి ఫిర్యాదూ అక్కరలేదు, యాప్ తెరిచి చూస్తే చాలు. అక్షరం చదవలేని తాపీ కూలీ బోర్డు వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టేదాకా ఎవరూ తెరిచి చూడకూడదంటే ఆ హక్కు ఎందుకు?

27వ సెక్షన్‌లో "తనంతట తానుగా" అన్న మాట చేర్చడానికి పార్లమెంటుకు అప్పటి దాకా సమయముంది, మన ఎంపీలను అడగడానికి మనకూ ఉంది. చట్టం మారే లోపల కూడా బోర్డు చేయగలిగిన పని ఒకటి ఉందని నా నమ్మకం. ఫిర్యాదు ఫారంలో సంస్థ పేరు రాసే గడి పక్కనే "తెలియదు" అనే గడి ఒకటి పెట్టాలి. గత మూడు నెలల్లో సమాచారం ఎక్కడెక్కడ ఇచ్చారో, వచ్చిన ఫోన్లలో ఏ వివరాలు పలికారో అడిగి రాయించుకోవాలి. దాని మీద విచారణ జరపకపోయినా సరే, భద్రపరిచి ఒకదానితో ఒకటి పోల్చి చూడాలి. మా మేనల్లుడి జాబితాలోని పేర్లలో దొంగ ఎవరో వాడికి తెలియదు, నాకూ తెలియదు. కుందలహళ్లిలో, మారతహళ్లిలో, హైటెక్ సిటీలో అదే నెలలో ఉద్యోగంలో చేరిన వెయ్యిమంది జాబితాలు ఒక్క చోట చేరితే, అన్నింటిలోనూ ఉన్న పేరు ఏదో బోర్డులోని గుమస్తాకు కూడా తెలుస్తుంది. కేంద్రమో రాష్ట్రమో నివేదిస్తే విచారణ మొదలుపెట్టవచ్చని 27వ సెక్షన్ చెప్పనే చెబుతోంది. ఆ పేరును కర్ణాటక ప్రభుత్వానికో తెలంగాణ ప్రభుత్వానికో రాసి పంపి, మాకు నివేదించండి అని కోరడానికి ఏ సవరణా అవసరం లేదు.